పది మాటల కాగితం

"స్నానం చెయ్యకుండా వంటింట్లోకి వెళ్లకు. ఎవరెవరి నోళ్లలోనో పెట్టిన చేతులు అవి."

ఆ ఇంట్లో రోజూ సాయంత్రం ఆరున్నరకు వినపడే మాట ఇది. గోడ గడియారం ఆగిపోయిన రోజులున్నాయి గానీ ఈ మాట ఆగిన రోజు లేదు. ఆమె ఇంకా చెప్పులు విప్పుతూ ఉండగానే, సోఫాలోంచి, ఒళ్లో కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా ఆమె భర్త అంటాడు. ఆయన ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేస్తాడు. ఆమె మారు మాట్లాడకుండా వెళ్లి స్నానం చేసి వస్తుంది. వచ్చి, మధ్యాహ్నం ఆయన తిని టేబుల్ మీద వదిలేసిన కంచం తీస్తుంది. కంచం అంచున నమిలి ఊసిన పిప్పి మూడు చిన్న కుప్పలుగా ఎండిపోయి ఉంటుంది. నీళ్లు పోస్తే పోదు, గోటితో గీకాలి. అది ఎవరెవరి నోళ్లలోదో కాదు, ఆయన నోటిదే కాబట్టి శుభ్రమైనదే అయి ఉండాలి. పదిహేనేళ్లుగా ఆమె ఆ శుభ్రమైన పిప్పిని గోటితో గీకుతోంది.

ఇంటికెవరైనా వస్తే అత్తగారు కోడలి ఉద్యోగాన్ని పరిచయం చేసే తీరే వేరు. "ఆస్పత్రిలో చేస్తుంది లెండి. డాక్టరు కాదు. నర్సూ కాదు. రోగుల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తుందట," అని ముక్కు విరుస్తుంది. "ఇంట్లో మాత్రం నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటుంది." దానికి కొడుకు ఎప్పుడూ ఒకే తాళం వేస్తాడు. "నోరాడించడానికి జీతం ఇస్తారని ముందే తెలిస్తే మా అమ్మని ఎప్పుడో పంపేవాణ్ణి." వచ్చినవాళ్లు నవ్వుతారు. అత్తగారు కూడా నవ్వుతుంది, కొడుకు తననే ఎద్దేవా చేశాడని తెలియనట్టు. ఆమె లోపల టీ కలుపుతూ, ఈ జోకుకి ఎన్నేళ్లుంటాయా అని లెక్క వేసుకుంటుంది. తన కూతురికంటే అది ఏడాది పెద్దది.

ఆస్పత్రి మూడో అంతస్తులో, మెదడు దెబ్బతిన్నవాళ్ల వార్డులో, అందరూ ఆమెను మాటల మేడం అంటారు. డ్యూటీ పట్టికలో స్పీచ్ థెరపిస్టు అని ఉంటుంది గానీ అంత పొడుగు పేరు పిలిచే తీరిక అక్కడ ఎవరికీ లేదు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట తెప్పించడం, గొంతు పట్టు తప్పి గుక్కెడు నీళ్లకే పొలమారేవాళ్లకు మింగడం నేర్పించడం ఆమె పని. నీళ్లలో పొడి కలిపి చిక్కబరిచి, చెంచాతో నాలుక మీద పెట్టి, రెండు వేళ్లు గొంతు మీద ఆనించి, ఆ ముద్ద కిందికి దిగిందా, ఊపిరి దారిలోకి జారిందా అని వేళ్లతోనే వింటుంది. చొంగ మోచేతి దాకా కారుతుంది. దగ్గు వస్తే కఫం మొహం మీద పడుతుంది. బుగ్గల్లో మూడు రోజులుగా దాగిన మెతుకులను వేలితో తీసి చూపించి, "ఇవిగో తాతా, దాచుకున్నారు" అంటే ఆ తాత ఒక వంక మూతితోనే నవ్వుతాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆమెకు వాంతి రాలేదు. మనిషి నోట్లోంచి వచ్చే ఏ తడీ ఆమెకు అసహ్యం కాదు. ఆ వార్డులో ఆమె గర్వపడే విషయాలు రెండు. ఒకటి అది.

రెండోది పది మాటల కాగితం.

పదకొండేళ్ల కిందట ఆమే మొదలుపెట్టిన పద్ధతి. పోయిన మాటల్లో మొదట తిరిగి వచ్చేవి బాగా అలవాటైనవే. నాలుక ఏళ్ల తరబడి నడిచిన దారిని అంత తేలిగ్గా మరిచిపోదు. అందుకని రోగి వార్డులోకి రాగానే ఇంటివాళ్ల చేతిలో ఒక కాగితం పెడుతుంది. పైన ఒక వాక్యం: ‘ఈ మనిషికి ఇంట్లో రోజూ కావలసిన పది మాటలు రాయండి.’ కింద పది గీతలు. ఆ పది మాటలతోనే శిక్షణ మొదలు. బొమ్మలున్న పుస్తకంలోంచి ఏనుగు, గొడుగు అని చెప్పించేకంటే ఇది ఎంతో త్వరగా పని చేసింది. పెద్ద డాక్టరు ఏదో సభలో దాని గురించి మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాడు. కాగితాన్ని ఆస్పత్రి వాళ్లు అచ్చు వేయించారు. అడుగున, భూతద్దం పెడితే కనిపించేంత అక్షరాల్లో, ఆమె పేరు కూడా వేశారు. ఆ మొదటి కాగితం ఒకటి ఇంటికి తీసుకెళ్లి భర్తకు చూపిస్తే, వెనక ఖాళీగా ఉందని ఆయన దాని మీద ఎవరిదో ఫోన్ నంబరు రాసుకున్నాడు.

ఏడో నంబరు మంచంలోకి టైలరమ్మ వచ్చినప్పుడు కూడా అదే కాగితం ఇచ్చింది. అరవై ఏళ్ల మనిషి. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట మొత్తం పోయింది. కళ్లు మాత్రం చురుగ్గా, ఎవరేం మాట్లాడినా అటు తిరుగుతున్నాయి. అంటే వినేది అర్థమవుతోంది, చెప్పేది బయటికి రావడం లేదు. ముప్పై ఏళ్లపాటు వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషని హెడ్ నర్సు గుర్తుపట్టి చెప్పింది. "నా మొదటి యూనిఫాం కుట్టింది ఈవిడే మేడం. నేను ఒళ్లు చేస్తానని ముందే తెలిసినట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదిలింది." ఆ పేరు హెడ్ నర్సు పెట్టిందే. భర్త మాత్రం ఆవిడ కుట్టుపని ఊసే ఎత్తలేదు. తాను ఉద్యోగంలో ఉండగా మేనేజరునని మాత్రం వచ్చిన పది నిమిషాల్లో నలుగురికి చెప్పాడు. దాంతో ఆయన వార్డుకంతా మేనేజరు గారయ్యాడు.

మేనేజరు గారు జేబులోంచి సొంత పెన్ను తీసి, కాగితాన్ని ఫైలు అట్ట మీద ఆనించి, ఒక్క కొట్టివేత లేకుండా నింపి ఇచ్చాడు. మొదటి గీత మీద ‘సరే’. రెండో గీత మీద ‘వస్తున్నా’. తర్వాత వరసగా ‘ఇదిగో’, ‘తిన్నారా’, ‘వడ్డిస్తాను’, ‘మందు వేసుకున్నారా’, ‘అలాగే’, ‘పొరపాటైంది’, ‘తెస్తున్నా’. పదో గీత మీద కొంచెం ఇరికించి, ‘ఏ వస్తువు ఎక్కడుందో చెప్పడం’.

"ఆ చివరిది కొంచెం తొందరగా చూడండి మేడం," అన్నాడు. "ఇంట్లో నాకు ఒక్క వస్తువూ కనపడటం లేదు. నిన్న తువ్వాలు కోసం గంట వెతికాను."

మాటల మేడం ఆ కాగితం పై నుంచి కింది దాకా చదివింది. చదివి, "మీ చేతిరాత చాలా బాగుందండీ," అంది. ఆ మాట ఆమె నిజంగానే అంది. తర్వాత ఎన్ని రోజులు నాలుక కొరుక్కున్నా ఆ మాట వెనక్కి రాలేదు. ఆ రోజు ఆమె చూడవలసినవాళ్లు పదహారు మంది ఉన్నారు. కాగితం ఫైల్లో పెట్టి, మొదటి గీత మీది మాటతో పని మొదలుపెట్టింది.

టైలరమ్మ ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని, మంచం పట్టీ మీద తాళం వేయిస్తూ, రాగం తీస్తూ, "స... స... పళ్లు కలపండమ్మా, నాలుక కొనను పళ్ల వెనక్కి తెచ్చి గాలి వదలండి" అని రోజుకు రెండు పూటలా అరగంట చొప్పున చేయించింది. మొదటి రెండు రోజులు టైలరమ్మ శ్రద్ధగా చూసింది. మూడో రోజు మాట ఏమిటో అర్థమైంది కాబోలు, మొహం గోడ వైపుకు తిప్పేసుకుంది. నాలుగో రోజూ అంతే. బతిమాలితే ఇటు తిరిగి, కళ్లు మూసుకుంది. ఒకరోజు ఎడమ చేత్తో ఆ కాగితాన్ని మంచం మీంచి కిందికి తోసేసింది. మాటల మేడం వంగి దాన్ని తీసి, దులిపి, ఫైల్లో రాసింది: ‘రోగి సహకారం తక్కువ. ప్రోత్సాహం అవసరం.’ ఆ ప్రోత్సాహమేదో కూడా ఆమే ఇచ్చింది. "మీ వారు మీ మాట కోసం మొహం వాచి ఉన్నారమ్మా" అంది. టైలరమ్మ కళ్లు తెరిచి ఆమెను చూసిన చూపు ఎలాంటిదో ఆమెకు అప్పుడు తెలియలేదు.

పదిహేనో రోజు మాట వచ్చింది. తాళం వేస్తుండగా, అదాటుగా, స్పష్టంగా, "సరే".

వార్డంతా పండగైంది. మేనేజరు గారు ఫోన్ తీశాడు. "ఏమే, నా మాట వింటావా?" అని అడిగాడు. "సరే," అంది టైలరమ్మ. "ఇకనుంచి నన్ను ఇలా కంగారు పెట్టకుండా బుద్ధిగా ఉంటావా?" "సరే." పక్క మంచాలవాళ్ల చుట్టాలు మూగారు. ఒకాయన "నన్నడగనివ్వండి" అని, "మీ ఆయన బంగారం కదమ్మా?" అన్నాడు. "సరే." అందరూ గొల్లుమన్నారు. పక్షవాతంలో ఒక మాట ఇలా దొరికితే, నాలుక దాన్నే పట్టుకుని వేలాడుతుంది. మనసులో ఏమున్నా నోట్లోంచి అదే వస్తుంది. ఇది మాటల మేడానికి తెలుసు. అక్కడున్నవాళ్లలో ఆమెకొక్కదానికే తెలుసు. టైలరమ్మ ఎడమ కంట్లోంచి నీళ్లు కారి చెవిలోకి దిగుతున్నాయి. "చూశారా, ఆనందం," అని మేనేజరు గారు ఫోన్‌ను ఆ కంటికి దగ్గరగా పట్టాడు. అప్పుడు మొదటిసారి మాటల మేడానికి ఒంటి మీద ఏదో పాకినట్టనిపించింది. చేతి తొడుగులు విప్పి, చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

ఆ వీడియోను మేనేజరు గారు ఆమెకు కూడా పంపాడు, రెండు చేతులు జోడించిన బొమ్మలు పెట్టి. సాయంత్రం భోజనాల దగ్గర ఆమె ఫోన్ మోగితే, ఎప్పటిలాగే అడగకుండా భర్త తీసి చూశాడు. వీడియో పెట్టాడు. చూస్తూ చూస్తూ పగలబడి నవ్వాడు.

"అమ్మా, ఇలా రా, ఇది చూడు. మొగుడేమడిగినా సరే సరే అంటోంది."

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూసింది. "ఇంకోసారి వెయ్యరా." ఆయన ఇంకోసారి వేశాడు. "పాపం, బానే మాట్లాడిస్తావే అమ్మాయ్," అంది అత్తగారు, పదిహేనేళ్లలో మొదటి మెప్పు. "ఇన్నాళ్లకు పనికొచ్చే పని చేశావు," అన్నాడు ఆయన. "మీ ఆస్పత్రిలో ఇంకో మేడం ఎవరైనా ఉంటే చెప్పు. నిన్నూ ఓ పదిహేను రోజులు పడుకోబెట్టి ఈ ఒక్క మాటా నేర్పించుకొస్తా." నవ్వుతున్న ఆయన నోట్లో సగం నమిలిన ముద్ద అటూ ఇటూ తిరుగుతోంది. మూడోసారి వీడియో వేశాడు. ‘సరే’, ‘సరే’, ‘సరే’. ఆమె గరిటె పట్టుకుని నిలబడి ఉంది. గరిటె గిన్నెలో పెట్టి, బాత్రూమ్‌లోకి వెళ్లి, తలుపు వేసుకుని, కడుపులో ఉన్నదంతా కక్కింది. ఇరవై ఏళ్లలో ఎవరి చొంగకూ రాని వాంతి.

"బయటేం తిన్నావు?" అని తలుపవతల నుంచి అత్తగారు అడిగింది.

మర్నాడు ఆమె గంట ముందే ఆస్పత్రికి వెళ్లింది. పాత ఫైళ్లుండే గదిలో గత మూడేళ్లవే మిగిలాయి. ఒక్కొక్క ఫైలూ తీసి, పది మాటల కాగితాలను రెండు దొంతరలుగా పెట్టింది. మగవాళ్లవి ఒకటి, ఆడవాళ్లవి ఒకటి. మగవాళ్ల కాగితాలు ఎక్కువగా భార్యలు నింపినవి. నీళ్లు, నొప్పి, ఆకలి, చలి, లైటు తీసెయ్, మనవరాలి ముద్దుపేరు, బయటికి, విసుగ్గా ఉంది, వద్దు. ఒక భార్య పదకొండో గీత తానే గీసుకుని ‘పేపరు’ అని రాసింది. ఆడవాళ్ల కాగితాలు ఎక్కువగా భర్తలు, కొడుకులు నింపినవి. సరే, వస్తున్నా, అయిపోయింది, పెడుతున్నా, తాళాలు, అలాగే, మీ ఇష్టం. కాగితం మీద అచ్చయిన వాక్యం ఒక్కటే. ‘ఈ మనిషికి కావలసిన’ అని అడిగితే, ఈ మనిషి నుంచి మాకు కావలసిన అని రాశారు. ఎవరూ దాచలేదు, మోసం చేయలేదు. పేరు, ఊరు రాసినంత సులువుగా రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. అవి ఆమె చదివి, ఒక్కొక్క మాటనూ ఆ ఆడవాళ్ల నోళ్లలో తిరిగి కుక్కింది.

మగవాళ్ల కాగితాలు అరవై ఒకటి. ‘వద్దు’ అనే మాట లేనివి మూడు. ఆడవాళ్లవి నలభై ఆరు. ‘వద్దు’ ఉన్నవి రెండు. ఆ రెండూ రోగుల తల్లులు నింపినవి.

అందులో ఒక కాగితాన్ని ఆమె విడిగా తీసి పెట్టింది. రెండేళ్ల కిందటి మనిషి. మొదట వచ్చిన మాట ‘వస్తున్నా’. డిశ్చార్జి అయిన నెలకు కోడలు ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది. "ఎవరు పిలిచినా మా అత్తయ్య వస్తున్నా అంటూ మంచం మీంచి లేవబోతుందండీ. రెండుసార్లు పడింది కూడా." అప్పుడు తానూ నవ్వింది. నవ్వి, ఫైల్లో ‘మాట నిలిచింది, ఫలితం సంతృప్తికరం’ అని రాసింది. కింద తన సంతకం. ఆ సంతకం మీద ఆమెకు చీదర పుట్టింది. తనకే ఒకనాడు నోరు పడిపోతే, ఈ కాగితం ఇంట్లో ఎవరు నింపుతారా అనుకుంది. ఆయనకు రాసే ఓపిక ఉండదు. వాళ్లమ్మకు ఇస్తాడు. ఆవిడ చెప్తూ ఉంటే ఈయన రాస్తాడు. ఆ పది మాటలూ ఆమెకు గీత గీతా కనిపించాయి.

ఆ రోజు నుంచి ఏడో నంబరు మంచం దగ్గర ‘సరే’ ఆపేసింది. మొదట టైలరమ్మ పక్కన స్టూలు వేసుకుని, మొహం మొహానికి ఎదురుగా పెట్టి, "నేను తప్పు చేశానమ్మా," అంది. "మీకేం కావాలో మిమ్మల్ని అడగలేదు. ఇప్పుడు అడుగుతాను." టైలరమ్మ "సరే" అంది. అని, ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు మొహం ముడుచుకుంది, చేదు మాత్ర నాలుక మీద కరిగినట్టు.

మాట లేని మనిషి దగ్గర మాటలు అడిగి తెలుసుకోవడం సామాన్యమైన పని కాదు. నాలుగు రోజులు పట్టింది. వందలాది బొమ్మలు, ఫొటోలు పరిచింది. టైలరమ్మ ఎడమ చేత్తో చాలావాటిని పక్కకు నెట్టింది. గరిటె బొమ్మను నెట్టిన విసురుకి అది మంచం కింద పడింది. సూది దగ్గర ఆగింది. కత్తెర దగ్గర ఆగింది. తలుపు బొమ్మ పట్టుకుని, అరచేతిని దానికి అడ్డంగా పెట్టింది. "తలుపు వెయ్యాలా?" అంటే తల ఆడించింది. ఇద్దరు ఆడపిల్లల బొమ్మలో పెద్దదాన్ని తట్టింది. "అక్కా?" కళ్లు మెరిశాయి. అక్క ఉన్నట్టు మేనేజరు గారు ఎక్కడా చెప్పలేదు. అన్నిటికంటే ఎక్కువసార్లు చూపించింది మాత్రం బొమ్మ కాదు. ఎడమ అరచేయి ముందుకు చాచి, అడ్డంగా ఊపడం. "వద్దు?" అడిగింది మాటల మేడం. టైలరమ్మ ఆ చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కొత్త కాగితం మీద మొదటి గీతలో ఆ మాట రాసుకున్నారు. పెదవిని పళ్లకు ఆనించి, గాలి వదిలి, నాలుకను పళ్లకేసి గట్టిగా నొక్కాలి. పెదవి పళ్ల దాకా వస్తోంది గానీ, గాలి వదలగానే ‘సరే’ అయిపోతోంది.

ఇంతలో మేనేజరు గారికి తొందర పుట్టింది. పై అంతస్తులో శిక్షణ వార్డుంది. అక్కడ ఆరు వారాలు ఉంటే చెయ్యి కొంత, కాలు కొంత, మాట చాలావరకు వచ్చే అవకాశం ఉంది. మంచం ఖాళీ అయింది కూడా. ఈ ఆరు వారాలు దాటిపోతే తర్వాత ఎంత చేసినా రానిది రాదు. ఆయన మాత్రం ఇంటికి తీసుకెళ్తానని పట్టుబట్టాడు. "వంటమనిషి చేతి తిండి నాకు పడటం లేదు మేడం. ఇంట్లో తన వంటిల్లు చూస్తే చేతులు వాటంతటవే కదుల్తాయి. ఎడమ చెయ్యి బానే ఉందిగా." రోగికి విషయం అర్థమయ్యే శక్తి ఉంటే రోగి ఒప్పుకోలు లేకుండా పంపకూడదని ఆస్పత్రి రూలు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం వార్డు పక్క గదిలో అందరూ కూర్చున్నారు. పెద్ద డాక్టరు, హెడ్ నర్సు, మేనేజరు గారు, చక్రాల కుర్చీలో టైలరమ్మ, ఫైలు పట్టుకుని మాటల మేడం.

పెద్ద డాక్టరు గడియారం చూసుకుని, టైలరమ్మ వైపు వంగి, గట్టిగా అడిగాడు. చెవులు బాగానే ఉన్నవాళ్ల దగ్గర ఆయన ఎప్పుడూ గట్టిగానే అరుస్తాడు. "అమ్మా, మీవారితో ఇంటికి వెళ్తారా?"

టైలరమ్మ పెదవిని పళ్లకు ఆనించింది. మెడ నరాలు ఉబ్బాయి. మొహం ఎర్రబడింది. మాటల మేడం తన పెదవినీ పళ్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"సరే," అంది టైలరమ్మ.

అని, తల అడ్డంగా ఊపింది. మళ్లీ ప్రయత్నించింది. "సరే. సరే. సరే." ఎడమ చేత్తో తన నోటి మీద తానే కొట్టుకుంది.

"అయిపోయింది కదండీ," అన్నాడు మేనేజరు గారు, ఫారం ముందుకు లాక్కుంటూ. "మీ ఎదురుగానే ఒప్పుకుంది."

"అది ఒప్పుకోవడం కాదు," అంది మాటల మేడం. "ఆ మాట ఆవిడది కాదు డాక్టర్. నేను నేర్పింది. ఆయన రాసిచ్చారు, నేను పదిహేను రోజులు రుద్ది రుద్ది నేర్పాను. ఆవిడ మొహం తిప్పేసుకున్నా వదల్లేదు. సహకారం తక్కువ అని రాశాను. ఇప్పుడు ఆవిడేం చెప్పబోయినా అదే వస్తుంది."

పెద్ద డాక్టరుకు ఇబ్బందిగా ఉంది. "మేడం, మీ పద్ధతిని మీరే కాదంటున్నారు. ఇదే లెక్కన ఇన్నేళ్లు మీరు మాట్లాడించినవాళ్లందరి మాటలనూ అనుమానించాలి."

"అనుమానించాలి."

మేనేజరు గారు కుర్చీలోంచి సగం లేచాడు. మొహం కందగడ్డలా అయింది. "మీరు నేర్పారా? ఏం మాట్లాడుతున్నారు? ముప్పై ఎనిమిదేళ్లుగా సరే తప్ప ఇంకో మాట అనలేదు నా భార్య. అప్పుడెవరు నేర్పారు?"

ఆయన ఒక్కొక్కరి మొహంలోకీ గెలిచినవాడిలా చూశాడు. హెడ్ నర్సు కళ్లు దించుకుని, వేళ్లతో యూనిఫాం అంచు నలుపుతోంది. ఆయన ఏమన్నాడో ఆ గదిలో ఆయనకొక్కడికే తెలియలేదు. మాటల మేడానికి ఒళ్లంతా తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది. ఈ మనిషితో ముప్పై ఎనిమిదేళ్లు! అయినా తాను చేసిన పనేమిటి? పక్షవాతం చెరిపేసిన ఆ ఒక్క మాటనూ వెతికి తెచ్చి, తుడిచి, తిరిగి ఆ నోట్లో పెట్టింది.

ఆమె ఫైల్లోంచి రెండు ఫొటోలు తీసింది. ఒకటి పై అంతస్తు వార్డుది. ఇంకోటి మేనేజరు గారే తెచ్చిచ్చిన వాళ్ల ఇంటిది. రెంటినీ టైలరమ్మ ముందు బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "నోటితో చెప్పక్కర్లేదమ్మా. చేత్తో చెప్పండి. తొందరేం లేదు."

టైలరమ్మ రెండు ఫొటోలనూ చూసింది. ఎడమ చెయ్యి మెల్లగా కదిలి ఇంటి ఫొటో మీద ఆగింది. మేనేజరు గారు, "నే చెప్పలా!" అన్నాడు. టైలరమ్మ ఆ ఫొటో పైకి తీసింది. ఒకసారి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆ గుమ్మం, ఆ కిటికీ, కిటికీ వెనక వంటిల్లు. తర్వాత చెయ్యి చాచి, ఆ ఫొటోను మేనేజరు గారి చేతిలో పెట్టి, ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా దాని మీదికి మూసింది. రెండో ఫొటో తన ఒళ్లోకి లాక్కుంది.

ఇల్లు ఆయనకే ఇచ్చేసింది. మాటల మేడం ఫైలు తెరిచి, తేదీ వేసి, ‘రోగి ఇంటికి వెళ్లడానికి నిరాకరించింది’ అని రాసింది. కింద ఇంకో వాక్యం: ‘ఈమె సరే అన్నా ఒప్పుకున్నట్టు కాదు.’ సంతకం పెట్టి పెద్ద డాక్టరు ముందుకు జరిపింది. ఆయన అటూ ఇటూ చూశాడు. హెడ్ నర్సు అప్పటికే కుర్చీ బ్రేకు తీసి, టైలరమ్మను లిఫ్టు వైపు తిప్పింది. ఆయన సంతకం పెట్టాడు.

మాటల మేడం మెట్ల దగ్గరికి వచ్చేసరికి జేబులో ఫోన్ నాలుగోసారి మోగుతోంది.

"ఎన్నిసార్లు చెయ్యాలి? ఎక్కడ చచ్చావు?" అన్నాడు భర్త. "మా పిన్నివాళ్లు ఏడుగురొస్తున్నారు. అమ్మ నీకోసం కూర్చునుంది. దార్లో సామాన్లు తీసుకుని తిన్నగా రా. వచ్చాక ముందు స్నానం. అర్థమైందా?"

ఆమె పళ్లు కలిశాయి. నాలుక కొన దానంతటదే పళ్ల వెనక్కి చేరింది. గాలి వదలడమే తరువాయి. పదకొండేళ్లుగా ఇతరుల నోళ్లలో వెతికిన ఆ మాటను ఆమె మొదటిసారి తన నోట్లో పట్టుకుంది. అది ఎవరో నమిలి ఊసిన పిప్పిలా ఉంది. ఎప్పుడు పెట్టారో, ఎవరు పెట్టారో, ఎన్నేళ్లుగా చప్పరిస్తోందో తెలియని పిప్పి. ఆమె నాలుకను వెనక్కి లాక్కుంది.

"హలో? వినపడుతోందా? సరే అనవేం?"

"అనను," అంది ఆమె.